చెప్పడం వేరు, తెలియడం వేరు

పుదుచ్చేరి పట్టణం నుంచి కడలూరు రోడ్డు మీదుగా దక్షిణానికి సాగేవారికి ముందుగా తగిలేది ముదలియార్‌పేట. 1898లో స్థాపితమై, ఎన్నో తరాల కార్మిక కుటుంబాలకు అన్నం పెట్టి, 2020లో మూతపడిన ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు ప్రాంగణం అక్కడిదే. ఆ చెంతనే రైల్వే గేటు. 1879లో ప్రారంభమైన విల్లుపురం–పుదుచ్చేరి రైలుమార్గం అక్కడ రోడ్డును దాటుతుంది. గేటు పడిందంటే బస్సూ ఆగవలసిందే, పూలబుట్ట కట్టుకున్న సైకిలూ ఆగవలసిందే. ఒక సాయంత్రం మేమూ ఆగాము.

రైల్వేలో ఒక చక్కని ఆచారం ఉన్నది. సిగ్నలుతో ఇంటర్‌లాకింగ్ లేని గేట్ల వద్ద, రైలు వస్తున్నదని స్టేషన్ మాస్టరు గేట్‌మన్‌కు ఫోనులో చెప్పినంత మాత్రాన పని పూర్తి కాదు. గేట్‌మన్ గేటు మూసి, తన వద్దనున్న పట్టికలోని ఒక ‘ప్రైవేట్ నంబరు’ తిరిగి చెప్పాలి. మాస్టరుగారు దానిని రిజిస్టరులో రాసుకోవాలి. ఆ నంబరు చేరిన తరువాతనే మాట అవతలి చెవికి చేరినట్టు లెక్క. ‘నేను చెప్పాను’ అనే వాక్యానికి అక్కడ విలువ లేదు. ‘అతడు విన్నాడు, చేశాడు’ అన్నదే ప్రమాణం.

గేటు ఎత్తిన తరువాత మేము వెళ్ళినది మా సహోద్యోగి ఇంటికి. వారి స్వస్థలం యానాం. ఉద్యోగరీత్యా ముదలియార్‌పేటలో కాపురముంటున్నారు. వారి అమ్మాయి కంప్యూటర్ సైన్సు చదువుతున్నది. ఆ ఇంట అడుగుపెట్టగానే ఏదో వెలితి కనిపించింది. ఎప్పుడూ ఎదురువచ్చి “బాబాయిగారూ, రండి” అని పలకరించే పిల్ల ఆనాడు గదిలోంచి రాలేదు. కాఫీ తెచ్చిన ఆమె తల్లి, “అన్నయ్యగారూ, దానికి ఒక సబ్జెక్టు పోయిందండీ. చదవక పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు” అన్నారు.

జరిగినది ఇది. అమ్మమ్మకు సుస్తీ చేసిందని ఆ పిల్ల యానాం వెళ్ళింది. తిరిగివచ్చే నాటికి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉండేటట్టుగా, నెట్‌వర్క్స్ ప్రాక్టికల్ పరీక్ష తేదీ చూసుకునే వెళ్ళింది. ఈలోగా ప్రయోగశాలలో కంప్యూటర్లు చాలక పరీక్షా బృందాలను మార్చారు. ఆమె బృందం ముందుకు జరిగింది. ఆ మార్పును సాయంత్రం నోటీసు బోర్డులో అంటించారు. తరగతి ప్రతినిధి దానిని ఫోటో తీసి తరగతి వాట్సాప్ బృందంలో పెట్టాడు. ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు. శుభాకాంక్షల వెల్లువలో ఆ ఫోటో ఎక్కడో పైకి వెళ్ళిపోయింది. రైలులో ఉన్న పిల్ల ఫోనుకు సంకేతాలు అంతంత మాత్రం. తెల్లవారి ఆమె ముదలియార్‌పేటలో దిగే వేళకు పరీక్ష జరిగిపోయింది.

అడిగితే కళాశాలలో వచ్చిన జవాబు ఒక్కటే: “నోటీసు పెట్టామమ్మా.” అది అబద్ధం కాదు. నోటీసు పెట్టిన మాట వాస్తవం. ఆ పిల్లకు తెలియని మాటా అంతే వాస్తవం. ఈ రెండు వాస్తవాల నడుమ ఒక సబ్జెక్టు పోయింది. ఇక్కడి వాడుకలో దానిని ‘అరియర్’ అంటారు, ఆంధ్రదేశంలో ‘బ్యాక్‌లాగ్’ అంటారు. పేరేదైనా ఫలితం ఒకటే. బాకీ సబ్జెక్టు ఉన్నవారిని ప్రాంగణ నియామకాల జాబితాలో చేర్చుకోని కంపెనీలు చాలా ఉన్నాయి. ఆమె ఆశపెట్టుకున్న కంపెనీ కూడ అటువంటిదే.

ఇది ఏ ఒక్క కళాశాల తప్పో ఎత్తిచూపడానికి రాస్తున్నది కాదు. అందుకే పేరు చెప్పడం లేదు. ఇటువంటి కథ మన సంస్థ ఉద్యోగుల ఇళ్ళలో ఎన్నింటిలోనో ఏదో ఒక రూపంలో వినవచ్చును. ఎక్కడ తెగింది ఈ తీగ అన్నదే మా ప్రశ్న.

పుస్తకంలో ఉన్న పాఠమే

కొంతసేపటికి పిల్ల బయటకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నా మాటలో చురుకు తగ్గలేదు. “బాబాయిగారూ, మా నోటీసు బోర్డు యూడీపీ అండీ, టీసీపీ కాదు” అన్నది. మాకు అర్థం కాలేదని గ్రహించి తానే విడమరిచి చెప్పింది.

కంప్యూటర్ల మధ్య సమాచారం పంపే పద్ధతులలో ప్రధానమైనవి రెండు. యూడీపీ అనే పద్ధతిలో పంపేవాడు సమాచారాన్ని వదిలేస్తాడు. చేరిందో లేదో ఆ పద్ధతి విచారించదు. టీసీపీ అలా కాదు. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రతిపాదించిన ఆలోచన నుంచి వచ్చిన పద్ధతి ఇది. 1983 జనవరి 1న నేటి ఇంటర్నెట్‌కు మాతృక అయిన అర్పానెట్ అంతటా దీనిని అమలులోకి తెచ్చారు. ఇందులో మాటలు మొదలుపెట్టే ముందే, “వినబడుతోందా?” అని ఒకరు, “వినబడుతోంది, నా మాట మీకు వినబడుతోందా?” అని రెండవవారు, “ఆఁ, వినబడుతోంది” అని మళ్ళీ మొదటివారు అనుకుంటారు. వెనుకటి రోజులలో ట్రంకు కాల్ మాట్లాడినవారికి ఇది కొత్త కాదు. ఆపైన పంపిన ప్రతి సమాచార భాగానికీ వరుససంఖ్య ఉంటుంది. అందినదని అవతలి నుంచి రసీదు రావాలి. నిర్ణీత వ్యవధిలో రసీదు రాకపోతే, పంపినవాడే మళ్ళీ పంపాలి. అందుకోనివాడిని నిందించే వీలు ఆ పద్ధతిలో లేదు.

యూడీపీ పనికిరానిదని దీని అర్థం కాదు. వీడియో పిలుపులలో, ప్రత్యక్ష ప్రసారాలలో ఒక ముక్క పోయినా ఫరవాలేదు, వేగం ముఖ్యం. అక్కడ అదే తగినది. పోతే నష్టం వచ్చే సమాచారానికి మాత్రం రసీదు కావాలి. ఈ విచక్షణను కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు నేర్పి, పరీక్షలో ప్రశ్నగా అడిగి, మార్కులు వేసే విద్యాలయమే, ఆ పరీక్ష తేదీని మాత్రం రసీదు లేని పద్ధతిలో తెలియజేస్తున్నది.

తండ్రిగారు అప్పటిదాకా మౌనంగా విన్నారు. “మన దగ్గర షిఫ్టు మారేటప్పుడు చూడండి. ఫలానా వాల్వు మూసి ఉన్నదని నోటితో చెప్పి ఇంటికి వెళ్ళిపోతే ఊరుకుంటారా? లాగ్‌బుక్కులో రాయాలి. వచ్చినవాడు చదివి సంతకం పెట్టాలి. ఆ తరువాతే గేటు దాటాలి” అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ పుస్తకంలో సంతకాలు పెడుతూనే ఉన్నారు.

నల్లవాడు గ్రామం చెప్పిన మాట

ఇదే పుదుచ్చేరి ప్రాంతంలో సమాచారాన్ని చివరి చెవి దాకా చేర్చిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఇక్కడి గ్రామాలలో సమాచార కేంద్రాలను నెలకొల్పడం ఆరంభించింది. విల్లియనూరు వాటికి కూడలి. ముదలియార్‌పేటకు దక్షిణాన ఉన్న మత్స్యకార గ్రామం వీరాంపట్టణంలో, అమెరికా నౌకాదళం ఇంటర్నెట్‌లో ఉంచే అలల ఎత్తు అంచనాలను తెప్పించి, తమిళంలో లౌడ్ స్పీకరు ద్వారా రేవులో వినిపించేవారు. కంప్యూటరు ముందు కూర్చోవలసిన అవసరం జాలరికి లేదు. వల సర్దుకుంటూనే వినవచ్చును.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఈ పథకంలోనిదే అయిన నల్లవాడు అనే మరో తీరగ్రామానికి సింగపూరులో పనిచేస్తున్న ఆ ఊరి యువకుడి నుంచి ఫోను వచ్చింది. తమిళంలో ‘నల్ల’ అంటే మంచి అని అర్థం. ఆ ఉదయం ఊరు పేరు సార్థకమైంది. గ్రామస్థులు సమాచార కేంద్రంలోని మైకు అందుకుని అందరినీ ఊరు విడిచి పొమ్మని హెచ్చరించారు. ఇళ్ళు, పడవలు దెబ్బతిన్నాయి. ఆ ఊరి 3,600 పైచిలుకు జనం మాత్రం బ్రతికి బయటపడ్డారు.

ప్రాణాపాయంతో పరీక్ష తేదీని పోల్చడం మా ఉద్దేశం కాదు. రెండింటిలోనూ సూత్రం ఒకటే. ఇంటర్నెట్‌లో సమాచారం ఉన్నంత మాత్రాన ఊరు బ్రతకలేదు. ఊరివారు ఎక్కడ ఉంటారో, ఏ భాషలో వింటారో, ఏ సాధనం వారి చెవిని చేరుతుందో ముందే ఆలోచించి అమర్చి ఉంచారు గనుక బ్రతికింది. విద్యార్థి విషయంలో ఆ లౌడ్ స్పీకరు ఏది?

ఒక విశ్వవిద్యాలయం, మూడు తీరాలు

పుదుచ్చేరిలో ఈ ప్రశ్నకు మరింత బరువున్నది. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ప్రాంగణం పట్టణానికి ఉత్తరాన కాలాపేటలో ఉన్నది. దాని పరిధి మాత్రం పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ప్రాంతాలతో ఆగక అండమాన్ నికోబార్ దీవులకూ, లక్షద్వీప్‌కూ విస్తరించింది. అనుబంధ కళాశాల ఒకటి బంగాళాఖాతం నడుమ ఉంటే, ఒకటి అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్నది. గోదావరి తీరాన, కాకినాడకు చేరువలో, తెలుగు మాట్లాడే యానాంలోని డాక్టర్ ఎస్.ఆర్.కె. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల కూడ ఈ విశ్వవిద్యాలయానికే అనుబంధం. కాలాపేటలో గోడకు అంటించిన కాగితాన్ని యానాం విద్యార్థి వచ్చి చదవలేడు. ఇంత విశాలమైన పరిధిలో సమాచారం చేరవేత అనేది పరిపాలనలో ఒక చిన్న భాగం కాదు. అది బోధనలోనే భాగం.

కంప్యూటర్ కోర్సులోనే ఎందుకు?

ఇతర కోర్సులలో కూడ తేదీలు ఉంటాయి. కంప్యూటర్ సైన్సులో అవి మరీ ఎక్కువ. ప్రయోగశాల బృందాలు, ప్రాజెక్టు సమీక్షలు, ప్రోగ్రాములు సమర్పించే గడువులు, ఎంపిక చేసుకోవలసిన పాఠ్యాంశాలు, అంతర్గత మార్కులు, ఇంటర్న్‌షిప్పులు, నియామక పరీక్షలు, ఇవన్నీ ఒకే ఆరునెలలలో ఒకదానిపై ఒకటి పడతాయి. 2017లో ఆరంభమైన స్వయం వేదిక ద్వారా చదివిన పాఠ్యాంశాలకు సెమిస్టరులోని మొత్తంలో 40 శాతం వరకు క్రెడిట్లు ఇవ్వడానికి 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అనుమతించింది. అదే సంవత్సరం క్రెడిట్ల బ్యాంకు కూడ వచ్చింది. అవకాశాలు పెరిగాయి, వాటితోపాటు గడువులూ పెరిగాయి. ఒక గడువు తప్పితే ఒక అవకాశం మూసుకుపోతుంది.

సాధనాలకు ఎన్నడూ కొదవ లేదు. 1973లోనే అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే బోధనా కంప్యూటరుపై ‘నోట్స్’ అనే ఏర్పాటు వచ్చింది. ఒకరు అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు అందరికీ కనబడేవి. 1983లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం ఆరంభించిన అథీనా పథకంలో, విద్యార్థి ప్రాంగణంలోని ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా సందేశం అక్కడికే వెళ్ళే ‘జెఫిర్’ అనే సేవను రూపొందించారు. 2002లో వచ్చిన మూడుల్ అనే ఉచిత ఏర్పాటు నేడు ఎన్నో దేశాల కళాశాలలలో వాడుకలో ఉన్నది. మన ఆంధ్రదేశంలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాపులు ఇచ్చి చదువు చెప్పింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి దానికి తొలి కులపతి. కాబట్టి లోపం యంత్రాలలో లేదు. ‘ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, అందినదని ఎలా తెలుసుకోవాలి’ అన్న మూడు ప్రశ్నలకు జవాబు ముందే నిర్ణయించుకోకపోవడంలో ఉన్నది.

విద్యాలయాలకు మా మనవి

మొదటిది, అసలు ప్రకటన ఉండే చోటు ఒక్కటే కావాలి. బోర్డులో ఒక తేదీ, వెబ్‌సైటులో ఒక తేదీ, వాట్సాప్‌లో మరొక తేదీ ఉంటే విద్యార్థి దేనిని నమ్మాలి? మిగిలినవన్నీ ఆ ఒక్క చోటును చూపే చేతికర్రలుగా ఉండాలి.

రెండవది, ప్రతి ప్రకటనపై జారీచేసిన తేదీ, వరుససంఖ్య, బాధ్యుల హోదా ఉండాలి. ‘పరీక్ష వాయిదా పడినది’ అంటే సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీకి, ఏ బృందానికి, ఎందుకు అన్నది కనబడాలి. పాత ప్రకటన రద్దయినట్టు దాని మీదనే రాయాలి.

మూడవది, నష్టం కలిగించగల మార్పులకు రసీదు అడగాలి. అరవైమందిలో యాభైయేడుగురు చూశామని నొక్కితే, మిగిలిన ముగ్గురికి ఎవరో ఒకరు ఫోను చేయాలి. ముగ్గురికి ఫోను చేయడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఒక పిల్ల ఉద్యోగాన్ని కాపాడవచ్చును.

నాల్గవది, సమాచారం చేరకముందే అమలు కాకూడదు. ఈ సాయంత్రం చెప్పి రేపు ఉదయం పరీక్ష పెట్టడం చెప్పకపోవడంతో సమానం.

ఇవి కేవలం మనవులుగానే మిగలనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాల్గవ సెక్షను, ఎవరూ అడగకముందే సమాచారం ప్రకటించవలసిన బాధ్యతను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో సహా ప్రజాసంస్థలన్నింటి మీదా ఉంచింది. దిద్దిన జవాబుపత్రాన్ని ఆ చట్టం కింద చూసుకునే హక్కు పరీక్ష రాసినవారికి ఉన్నదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో జారీచేసిన నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి సంఘం ఉండాలి, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. ఈ సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు.

ఇంట్లో మన వంతు

ఇక తల్లిదండ్రులుగా మనం చేయగలిగినదీ ఉన్నది. పిల్లలకు ఫోను కొనిపెట్టాము గనుక వారికి అన్నీ తెలుస్తాయని అనుకోవడం పొరపాటు. ప్రతిదినం వెంటపడి ‘ఏమి నోటీసు వచ్చింది’ అని వేధించడమూ పొరపాటే. కొత్త సెమిస్టరు మొదలైన వారంలో పిల్లలతో కూర్చుని, ఫీజు గడువు, అంతర్గత పరీక్షలు, ప్రాక్టికల్స్, ప్రాజెక్టు సమీక్షలు, హాజరు శాతం ఎంత ఉండాలన్నది ఒక కాగితం మీద రాయించి వంటింటి క్యాలెండరు పక్కన అంటిస్తే చాలు. వారానికి ఒకసారి, ఆదివారం ఉదయం, “ఏమైనా మారిందా?” అని ఒక్క ప్రశ్న అడగండి. ఊరు వెళ్ళవలసి వస్తే, తరగతిలో ఒక స్నేహితురాలికో స్నేహితుడికో ‘ఏ మార్పు వచ్చినా నాకు ఫోను చెయ్యి, మెసేజి పెట్టి ఊరుకోకు’ అని అప్పగించి వెళ్ళమనండి. అదే మన లాగ్‌బుక్కు.

విద్యార్థులకూ ఒక మాట. తరగతి బృందంలో మీ కంటపడిన ముఖ్యమైన వార్తను మీరు చూసి ఊరుకోకండి. ఆ రోజు రాని మిత్రుడిని గుర్తుంచుకోండి. రేపు మీరు ఉద్యోగులుగా ఏ యంత్రం వద్ద నిలబడినా, ఏ కార్యాలయంలో కూర్చున్నా, అవతలివారికి అందిందా అని విచారించే అలవాటే మిమ్మల్ని నమ్మదగినవారిగా నిలబెడుతుంది.

ఆ అమ్మాయి మరుసటి సెమిస్టరులో ఆ ప్రాక్టికల్ పరీక్ష రాసి గట్టెక్కింది. ఆ కంపెనీ మాత్రం మళ్ళీ రాలేదు. ఆమె ఇప్పుడు మరొక చోటికి దరఖాస్తులు పంపుతున్నది. ఈమధ్య వారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె తన తరగతి కోసం తయారుచేసిన చిన్న ప్రోగ్రాము చూపించింది. ప్రకటన పెట్టగానే తరగతిలోని అందరి పేర్లూ ఎర్రగా కనబడతాయి. చూసినవారు ‘తెలిసింది’ అని నొక్కితే ఆ పేరు పచ్చబడుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు ఇంకా ఎర్రగా ఉన్న పేర్లకు తరగతి ప్రతినిధి ఫోను చేస్తాడు. అధ్యాపకులు ఒకరు చూసి, విభాగమంతటికీ పనికివస్తుందేమో పరిశీలిద్దామని అన్నారట.

మేము చూస్తుండగానే ఆఖరి ఎర్రపేరు పచ్చబడింది. “ఇక నిద్రపోవచ్చు బాబాయిగారూ” అని ఆ పిల్ల నవ్వింది.